చార్మినార్ చుట్టూ ఒక పూట

ప్రశ్న: వచ్చే నెలలో కుటుంబంతో హైదరాబాదు వస్తున్నాము. చార్మినార్ కూడలిలో ఒక పూట గడపాలని అనుకుంటున్నాము. గుల్జార్ హౌజ్, చార్ కమాన్ అని వింటుంటాము. అవి వేరే చోట ఉన్నాయా? మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు చార్మినార్ ఎక్కగలరా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అవి వేరే చోట లేవు, చార్మినార్‌కు ఉత్తరాన, నాలుగడుగులు వేస్తే చేరే దూరంలోనే ఉన్నాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన కొత్త నగరాన్ని తలపెట్టినప్పుడు, ఆయన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్తరాబాదీ పథకం ప్రకారం రాజవీధులు కలిసేచోట చార్మినార్‌ను, దానికి ఉత్తరంగా రాజభవనం ఎదుట విశాలమైన మైదానాన్ని, ఆ మైదానానికి నాలుగు దిక్కులా నాలుగు ఎత్తైన కమానులను నిర్మించారు. ఈ నాలుగే చార్ కమాన్. నడుమ ఉన్న నీటి తొట్టే గుల్జార్ హౌజ్. రాజభవనం ఏనాడో పోయింది, మైదానాన్ని దుకాణాలు ఆక్రమించాయి, కమానులు మాత్రం మిగిలాయి.

అందుచేత ఆటోను నేరుగా చార్మినార్ దాకా తీసుకువెళ్లకుండా మదీనా కూడలి వద్దే దిగి, పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాల మీదుగా నడిచి రమ్మని మా సలహా. మొదట మచ్లీ కమాన్ వస్తుంది. దాన్ని దాటి గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే తూర్పున, ఒకప్పుడు రాచనగారాలు మోగిన కాలీ కమాన్. పడమట, రాజభవనానికి ద్వారమైన షేర్-ఎ-బాతిల్ కమాన్. ఎదురుగా, దక్షిణపు కమాను చట్రంలో చార్మినార్ కనిపిస్తాయి. తీగల గజిబిజి, బోర్డుల రద్దీ కంటికి అడ్డం వస్తాయి, నిజమే. అయినా ఈ నగరం ఎలా ఊహించబడిందో అర్థమయ్యే చోటు ఇదొక్కటే.

ఇక చార్మినార్‌లో మెట్లు ఇరుకుగా, చుట్లు తిరుగుతూ, ఎత్తెత్తుగా ఉంటాయి. మీ అత్తగారిని ఎక్కించవద్దు. గచ్చు సున్నంతో తీర్చిన అలంకారాలను, 1889లో నాలుగు వైపులా అమర్చిన గడియారాలను కింది నుంచే చూడవచ్చు. మీరు టికెట్టు తీసుకుని మొదటి అంతస్తుకు వెళితే నాలుగు వీధులూ కనిపిస్తాయి. పై అంతస్తులో పడమటి వైపున మసీదు ఉంది.

నైరుతి దిక్కున ఉన్న మక్కా మసీదు నిర్మాణం 1617లో కుతుబ్ షాహీల చేతిలో మొదలై, వారి రాజ్యం పోయాక 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ఆవరణలో పలువురు నిజాముల సమాధులున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనల రద్దీ ఉంటుంది కనుక ఆ వేళ వద్దు. దానికి ఎదురుగా ఉన్న గుమ్మటాల భవనం ఏడవ నిజాం కట్టించిన యునానీ ఆసుపత్రి. అక్కడ నేటికీ వైద్యం జరుగుతోంది. చార్మినార్‌కు ఈశాన్యాన సందులో దాగిన 1597 నాటి జామా మసీదును చూసేవారు తక్కువ.

పడమట లాడ్ బజారులో లక్క గాజులు దొరుకుతాయి. రాళ్లను చేతితో పొదిగే పనిని కొన్ని దుకాణాల్లో కళ్లారా చూడవచ్చు. మొదట చెప్పిన ధరకు ఒప్పుకోకండి. బేరం అక్కడ మర్యాదలో భాగమే. మీ అత్తగారికి కూర్చోవడానికి స్టూలు అడిగితే దుకాణదారు సంతోషంగానే ఇస్తాడు.