పాత లేత్ మెషిన్‌ను ఇంట్లో బిగించేటప్పుడు రంగు కంటే ముందు నేల చూసుకోవాలి

మీరు జడ్చర్లలో నాలుగున్నర అడుగుల పాత బెల్టు లేత్ మెషిన్ (ఇనుప ముక్కను తిప్పుతూ టూల్‌తో కోసే యంత్రం) కొన్నారు. దాన్ని ఇంటి పక్కన రేకుల షెడ్డులో షాబాద్ బండల మీద పెట్టాలనుకుంటున్నారు. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. ముందుగా మొత్తం విప్పి, తుప్పు తీసి, రంగు వేయాలా అని అడిగారు. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టర్‌ను. ఆరేళ్ల కిందట బాలానగర్‌లో మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి ఇలాంటి మెషిన్‌నే కొని, డీసీఎంలో తెచ్చి, మా పెరట్లోని షెడ్డులో బిగించుకున్నాను. రంగు సంగతి చివర చూసుకోవచ్చు. మీరు మొదట చూడవలసింది ఆ షాబాద్ బండల కింద ఏముందో.

నేను ఆ వరస తప్పాను. నెలన్నర పాటు గీకి, పుట్టీ పెట్టి, రంగు వేసి, బండల మీద నిలబెట్టాక, మిల్లు ఎలివేటర్ కోసం ఒక చిన్న షాఫ్టు ముక్కను చక్‌లో, అంటే ముక్కను బిగించి తిప్పే దవడల్లో, పట్టి కోశాను. బేరింగ్ బయటి చివర నుంచి ఎక్కనే లేదు. తిప్పి రెండో వైపు నుంచి పెడితే వదులుగా జారిపోయింది. టూల్ బాగానే ఉంది, చక్ బాగానే ఉంది. మెషిన్ భాగాలన్నీ కూర్చునే పొడవాటి దిమ్మ, అంటే బెడ్, మెలిక తిరిగి ఉంది.

పోత ఇనుప బెడ్ చేత్తో తడితే బండరాయిలా ఉంటుంది కాబట్టి అది వంగుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఇలాంటి తేలిక మెషిన్‌ను ఎగుడుదిగుడు నేల మీద పెట్టి బోల్టులు బిగిస్తే, ఏ కాలి కింద సందు ఉందో ఆ మూల కిందికి లాగబడి, బెడ్ ఒక చివరతో పోలిస్తే ఇంకో చివర కొద్దిగా తిరుగుతుంది. మన ఇళ్లలో షాబాద్ బండలను మొరం మీదనో ఇసుక మీదనో పరుస్తారు. మా మిల్లు ధర్మకాంట మీద నా మెషిన్ 640 కిలోలు తూగింది. అంత బరువు నాలుగు చిన్న పాదాల మీద పడితే బండ ఒక మూల దిగుతుంది, లేదంటే పగులుతుంది. నేను పాదాల కింద షిమ్ములు (పలచని రేకు ముక్కలు) పెట్టి ఒకసారి సరిచేసుకున్నా, తొలకరి వానలకు కింద మొరం నాని, ఆషాఢానికల్లా మళ్లీ తేడా వచ్చింది.

చివరికి ఆ బండలు లేపి, అడుగు లోతు తవ్వి, మొరం దిమ్మిస కొట్టి, పైన చువ్వలు కట్టి ఆరు అంగుళాల కాంక్రీటు పోశాను. గోనె సంచులు కప్పి మూడు వారాలు తడిపాక ఫౌండేషన్ బోల్టులు బిగించి, ఒక్కో పాదం కింద మందమైన ఇనుప ప్లేటు పెట్టాను. మీరు మెషిన్ దింపకముందే ఈ పని చేసుకోండి. తర్వాత చేయాలంటే దాన్ని గడ్డపారలతో లేపి, పైపుల మీద దొర్లించాలి. హెడ్‌స్టాక్ వైపు, అంటే చక్ ఉండే వైపు, బరువెక్కువ ఉంటుంది కాబట్టి అది పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది.

తరువాత లెవెల్ చూడాలి. మేస్త్రీల రసమట్టం ఇందుకు పనికిరాదు. మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చూపే మెషిన్ లెవెల్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. దాన్ని టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ మీద అడ్డంగా పెట్టి, టూల్‌ను మోస్తూ బెడ్ వెంట కదిలే క్యారేజ్‌ను చక్ దగ్గర నుంచి టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా ముక్కకు ఆసరా ఇచ్చే భాగం) ఉన్న చివరి వరకు జరపండి. బుడగ నట్టనడుమ ఉండాలని లేదు, రెండు చివరలా ఒకే చోట ఆగితే చాలు. ఆగకపోతే టెయిల్‌స్టాక్ వైపు పాదాల కింద షిమ్ములు మార్చుతూ పోవాలి.

లెవెల్ చెప్పినదాన్ని కోత కోసి నిర్ధారించుకోవాలి. నేను నలభై మిల్లీమీటర్ల ఇనుప రాడ్డును చక్‌లో పట్టి, రెండు వందల మిల్లీమీటర్లు బయటికి ఉంచి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా వదిలాను. నడుమ భాగం సన్నగా కోసి, రెండు చివరలా అంగుళం వెడల్పున రెండు పట్టీలు మిగిల్చాను. బాగా పదునైన టూల్‌తో, దాన్ని ముందుకూ వెనక్కూ కదపకుండా, ఒకే కోతలో రెండు పట్టీల మీదా పలచగా తీసి మైక్రోమీటర్‌తో కొలిచాను. చక్ పక్క 38.12, బయటి పక్క 38.19 వచ్చింది. బయటి చివర లావుగా వచ్చిందంటే అక్కడ టూల్ మన వైపుకు జరుగుతోందన్నమాట, అంటే బెడ్ ఆ చివర ముందు వైపుకు వాలింది. టెయిల్‌స్టాక్ దిక్కున మనం నిలబడే వైపు పాదాన్ని కొంచెం లేపితే సరిపోతుంది. సన్నగా వస్తే వెనుక పాదం లేపాలి. కాగితమంత పలచని షిమ్ముతో కూడా మార్పు కనబడుతుంది. నాకు నాలుగో ప్రయత్నంలో తేడా 0.01కి దిగింది. కొత్త కాంక్రీటు సర్దుకుంటుంది కాబట్టి నెల తర్వాత ఒకసారి, మొదటి వానాకాలం గడిచాక ఇంకొకసారి ఇదే పరీక్ష చేయండి.

షిమ్ములతో పోని లోపం అరుగుదల. పాత మెషిన్లలో పని ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే అరుగుతుంది. చక్ దగ్గర క్యారేజ్ ఆట లేకుండా జిబ్బులు (ఆటను తగ్గించే పట్టీలు) బిగించి, చివరి వరకు జరిపి చూడండి. అక్కడ బిగుసుకుపోతే ఆ తేడా అరుగుదలే. కొద్దిపాటిదైతే దాంతోనే పని చేసుకోవచ్చు, నా మెషిన్ అలాంటిదే. బెడ్‌ను ఎమరీతోనో చేతి గ్రైండర్‌తోనో సాపు చేస్తామని ఎవరైనా అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. అక్కడ పోయిన ఇనుము మళ్లీ రాదు. కిరోసిన్, ఇత్తడి బ్రష్, కాటన్ వేస్ట్‌తో జిడ్డు, తుప్పు తీసి, 68 నంబర్ నూనె రాస్తే చాలు. చక్‌ను మాత్రం పూర్తిగా విప్పి కడగండి, లోపలి చుట్టల్లో ఏళ్ల నాటి ఇనుప తురుము గట్టిపడి ఉంటుంది.

కరెంటు విషయంలో, మీ మెషిన్‌కు రెండు హార్స్‌పవర్ త్రీ ఫేజ్ మోటారు ఉంటే దాన్ని తీసేయకండి. సింగిల్ ఫేజ్ తీసుకొని త్రీ ఫేజ్ ఇచ్చే, మోటారు వేగాన్నీ మార్చే వీఎఫ్‌డీ అనే పెట్టె పెట్టుకోవచ్చు. అయితే అది ఇచ్చేది 230 వోల్టులే. ఈ సైజు మోటార్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి, వాటి లోపలి చుట్టలను 230 వోల్టులకు సరిపోయే డెల్టా కనెక్షన్‌కు మార్చాలి. నా మోటారుకు మూడు వైర్లే బయటికి ఉండేవి. బోరు మోటార్లు చుట్టే మిస్త్రీ లోపలి స్టార్ ముడి విప్పి ఆరు వైర్లు బయటికి తెచ్చి ఇచ్చాడు. అలాంటి మిస్త్రీలు మన జిల్లాల్లో ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతారు. ఎర్తింగ్ గుంత మెషిన్‌కు విడిగా తవ్వించండి. వేగం బాగా తగ్గించి గంటల తరబడి నడపకండి, ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కాబట్టి మోటారు వేడెక్కుతుంది.

మీ చక్ మరతో ఎక్కేదైతే ఇంకో జాగ్రత్త అవసరం. వీఎఫ్‌డీలో ఆగే సమయం మరీ తక్కువ పెట్టినా, ఉల్టా తిప్పినా, చక్ దానంతటదే ఊడి బయటికి రావచ్చు. అందుకే నేను ఆగే సమయం ఆరు సెకన్లకు పెట్టి, ఉల్టా బటన్ కనెక్షన్ తీసేశాను. చేతి తొడుగులు, భుజం మీద తువ్వాలు మెషిన్ దగ్గరికి రానివ్వకండి.

రేకుల షెడ్డు అన్నారు కాబట్టి చెబుతున్నాను, మధ్యాహ్నపు ఎండ బెడ్ మీద ఒక పక్కనే పడకుండా చూడండి. యాభై మిల్లీమీటర్ల ఇనుము ఇరవై డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.01 మిల్లీమీటరు పెరుగుతుంది. అందుకే బేరింగ్ కొలతలు నేను పొద్దున్నే తీస్తాను.

కాంక్రీటు ఆరి, మెషిన్ దిగాక, ఆ రెండు పట్టీల కొలతలు, రాడ్డు ఎంత బయటికి ఉంచారో ఇక్కడ రాయండి. ఏ పాదం కింద ఎంత పెట్టాలో లెక్క కట్టి చెబుతాను.