మాయమైన పేజీ మళ్లీ దొరుకుతుందా?

ప్రశ్న: మా ఊరి బడి చరిత్ర రాద్దామని పాత వరంగల్ జిల్లా మండలాల, గ్రామాల జనాభా లెక్కలు ఒక ప్రభుత్వ సైటులో చూసి, ఆ లింకులన్నీ నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు ఏది నొక్కినా పేజీ లేదంటోంది. రెండేళ్ల పని. ఇక పోయినట్టేనా? – ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: టెన్షన్ పడకండి సార్, లింకులు రాసిపెట్టుకున్నారు కదా, సగం పని అయినట్టే. సైటు కొత్తగా కట్టినప్పుడు పాత లింకులు చచ్చిపోవడం మామూలే, ఎవరూ కావాలని చెరిపి ఉండరు, కానీ నష్టం మాత్రం మీలాంటి వాళ్లకే. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వేబ్యాక్ మెషీన్ పేరుతో వెబ్ పేజీలను కాపీ తీసి తేదీలవారీగా దాస్తోంది. అందులో మీ పాత లింకును పొల్లు పోకుండా టైప్ చేస్తే క్యాలెండర్ వస్తుంది. నీలం చుక్క ఉన్న తేదీ నొక్కండి, ఆనాటి పేజీ తెరుచుకుంటుంది.

ఒక్కటి జాగ్రత్త. 2016 అక్టోబర్ 11కి ముందు కాపీలే తీసుకోండి, ఆ రోజే పాత జిల్లాను వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వంటి కొత్త జిల్లాలుగా విడగొట్టారు. అంతకుముందు వరంగల్ జిల్లా అంటే జనగామ, మహబూబాబాద్, ములుగు అన్నీ కలిసినది. 2021లో అర్బన్‌కు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేరు పెట్టారు, కాబట్టి ఇప్పటి పేజీలో అదే పేరు కనిపించినా జిల్లా అది కాదు. పాత అంకె మీద కొత్త అంకె రాసేస్తే మన ఊరు ఒకప్పుడు ఎందులో ఉండేదో కూడా తెలియకుండా పోతుంది, నాకు బాధ అనిపించేది ఇదే.

జిల్లా, మండలం ఎంచుకుంటే గానీ లెక్క చూపించని పేజీలు మాత్రం వేబ్యాక్‌లో సాధారణంగా దొరకవు. వాటికి 2011 జనగణన వరంగల్ జిల్లా హ్యాండ్‌బుక్ చూడండి, ఊరూరి లెక్క అందులో ఉంది, అదీ పాత జిల్లా ప్రకారమే.

పాత తెలుగు పుస్తకాలు కావాలన్నా అదే ఆర్కైవ్‌లో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగిపోయినా అక్కడి స్కాన్లు లక్షల్లో ఇక్కడికి చేరాయి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పులతడకగా ఉంటాయి, ‘చరిత్ర’ ఒక్కదాన్నే నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

దొరికిన ప్రతి పేజీనీ పీడీఎఫ్ చేసి, చూసిన తేదీ పక్కనే రాసి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఇంట్లో పిల్లల ఫోన్‌లో ఉంచండి. ఇంకా బతికే ఉన్న లింకులను అదే వేబ్యాక్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ గడిలో వేయండి, రేపు ఇంకొకరికి దొరుకుతాయి. మీ బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ ఇంకా బీరువాలో ఉంటే, అది ఏ సైటులోనూ దొరికేది కాదు, హెడ్‌మాస్టర్ గారిని అడిగి ఈ వారమే పేజీ పేజీ ఫొటో తీయించండి.