నీలం రంగు కెంపు, మా అవ్వ కమ్మ

"పాత ఇంగ్లీషు రేడియో డిటెక్టివ్ నాటకాలు ఇప్పుడు విన్నా బాగుంటాయా? ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?" అని అడిగారు.

డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ నాటకం 'బ్లూ కార్బంకల్'తో మొదలుపెట్టండి. ఒక రాయి పోతుంది, ఒక బాతు దొరుకుతుంది, ఒక టోపీ మిగులుతుంది. హత్య లేదు. గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు ఐదారుకు మించవు. నేను దీన్ని ఇంగ్లీషు ముక్క రాని మా అవ్వతో కలిసి విన్నాను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

మాది వనపర్తి దగ్గర పల్లె, పాత మహబూబ్‌నగర్ జిల్లా. నాయనమ్మను మేం అవ్వ అంటాం. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి, లాప్‌టాప్ పట్టుకుని ఊరికి చేరాను. అప్పటికి అవ్వకు చూపు దాదాపు పోయింది. టీవీ ముందు కూర్చుంటే సీరియల్లో సంగీతమే మోగుతుంది తప్ప ఎవరు ఎవరిని చూసి ఉలిక్కిపడ్డారో చెప్పేవాడు ఉండడు. అవ్వ మొదటి నుంచీ రేడియో మనిషి. మా ఇంట్లో మూడు బ్యాండ్ల సెట్టు ఒకటి ఉండేది. నెత్తిన ఒకటి చరిస్తే గానీ పలికేది కాదు. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు కదలకుండా తాత దానికి దారం కట్టాడు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే అవ్వ మధ్యలో తనూ జవాబు చెప్పేది.

ఒక రాత్రి కరెంటు పోయింది. వాకిట్లో మంచాలు వేసుకున్నాం. "ఏం ఇంటున్నవ్‌రా చెవుల పెట్టుకొని? నాకు గూడ పెట్టు" అంది. ఫోను పక్కన పెట్టి, రెండు మూడు మాటలకొకసారి ఆపి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ముప్పావు గంట నాటకం మూడు రాత్రులు పట్టింది.

మేం విన్నది బీబీసీ వాళ్లది. హోమ్స్‌గా క్లైవ్ మెరిసన్, ఆయన స్నేహితుడు వాట్సన్‌గా మైకేల్ విలియమ్స్. 1989 నుంచి 1998 దాకా కానన్ డాయిల్ రాసిన 56 హోమ్స్ కథలు, 4 నవలలు మొత్తం ఈ ఇద్దరే చేశారు. అంతకు ముందు 1939 నుంచి 1946 దాకా అమెరికాలో బాసిల్ రాత్‌బోన్, నైజెల్ బ్రూస్ చేసిన సిరీస్ కూడా బాగా పేరున్నదే. అవి అరగంటవే. కొన్నేళ్లు దానికి ఒక వైన్ కంపెనీ స్పాన్సరు, కాబట్టి కథకు ముందు వాట్సన్ దగ్గరికి వచ్చినాయన వైన్‌ను పొగిడి గానీ అసలు సంగతికి రాడు. వాట్సన్‌ను మరీ అమాయకుడిగా చేశారని నాకు వాటి మీద చిన్న కోపం. విలియమ్స్ వాట్సన్ తెలివైనవాడే, హోమ్స్ పక్కన ఉన్నాడు కాబట్టి తెలివి కనపడదు, అంతే. కొత్తగా వినేవాళ్లకు బీబీసీదే మేలు. మాట స్పష్టంగా ఉంటుంది. 1892 జనవరిలో అచ్చయిన మూలకథ ఉచితంగానే దొరుకుతుంది. ముందు ఒకసారి చదివి వింటే సగం టెన్షన్ తగ్గుతుంది.

(ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నాను. తెలియకుండా వినాలనుకునేవాళ్లు ముందు విని రండి.)

లండన్‌లో ఒక పెద్ద హోటల్లో జమీందారిణి లాంటి ఆవిడ రాయి పోతుంది. వెయ్యి పౌండ్ల బహుమానం ప్రకటిస్తుంది, అది రాయి ధరలో ఇరవయ్యో వంతు కూడా కాదట. "ఏం రాయి?" అంది అవ్వ. కార్బంకల్ అంటే ఎర్ర రాయి, మన కెంపు లాంటిది, కాకపోతే ఇది నీలం రంగుది అన్నాను. "నీలం రంగు కెంపేందిరా? ఎర్రగుంటెనే కెంపు. నీలంగుంటె నీలం." నిజమే. పేరులోనే మెలిక ఉందని పెద్ద పెద్దవాళ్లు వ్యాసాల్లో రాసింది ఈమె మంచం మీద నుంచి లేవకుండా పట్టేసింది.

టోపీ దగ్గర ఇంకా బాగా సాగింది. వీధి గొడవలో ఎవరో పారేసుకుపోయిన టోపీని చూసి హోమ్స్ ఆ మనిషి జాతకం చెప్తాడు. ఈ సీను కంటికి సంబంధించింది, రేడియోలో ఏమీ కనపడదు. కానీ వాట్సన్ "నాకేమీ కనపడటం లేదు" అంటాడు చూడండి, అక్కడ మనమూ ఆయనా ఒకటే అవుతాం. టోపీ పెద్దది కాబట్టి తల పెద్దది, కాబట్టి తెలివైనవాడు అంటే అవ్వ ఒప్పుకోలేదు. "తలకాయ పెద్దగుంటె తెలివా? మీ తాతది ఎంత పెద్దగుండె!" వారాల తరబడి దుమ్ము దులపలేదు కాబట్టి పెళ్లానికి ఇతని మీద ప్రేమ పోయింది అంటే, "ఆయనకు చేతుల్లేవా?" అంది. కొవ్వొత్తి మరకలున్నాయి కాబట్టి ఆ ఇంట్లో గ్యాసు దీపాలు లేవు అన్నదొక్కటే ఒప్పుకుంది. కందిలి పట్టుకుని కొట్టానికి పోయి వచ్చిన మనిషి బట్టలు ఎట్లుంటాయో తనకు తెలుసట.

ఇక బాతు. టోపీతో పాటే ఆ మనిషి వదిలేసిపోయిన పెద్దబాతును క్రిస్మస్ పండక్కి కోస్తే, ఆ రాయి దాని మెడ కింద, మేత సంచిలో దొరుకుతుంది. ఇంగ్లీషు పాఠకులు ఎప్పటి నుంచో పట్టుకున్న తప్పు ఇది. కోడికి ఉన్నట్టు పెద్దబాతుకు విడిగా మేత సంచి ఉండదు, గొంతు గొట్టమే కింద కాస్త సాగుతుంది. అవ్వకు బాతు సంగతి తెలియదు గానీ ఏభై ఏళ్లు కోళ్లు కోసిన చేతులు. "రాయి మెడకాడెందుకుంటది? కిందికి దిగి కందనకాయల ఉంటది. కోడి రాళ్లు మింగేదే అందుకు, గింజ నలగనీకి. నేను రోజు చూసినదే" అంది. వెయ్యి పౌండ్ల బహుమానమున్న రాయి కందనకాయలో జొన్న గింజలను నలుపుతూ ఉండటం తలుచుకుని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

బాతు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనని మొండికేసిన వ్యాపారిని హోమ్స్ ఎట్లా లొంగదీస్తాడంటే, ఆయన జేబులో గుర్రప్పందేల కాగితం చూసి పందెం కడతాడు. ఇది పల్లెలో పెరిగిన బాతే అని ఒక బంగారు నాణెం పందెం. కాదు పట్నంలోదే అని రుజువు చేయడానికి ఆయనే ఖాతా పుస్తకం తెచ్చి చూపిస్తాడు. పెబ్బేరు అంగడిలో ఎడ్లు కొన్నవాళ్లకు ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు. బేరగాడిని అడిగితే నిజం చెప్పడు, "నీ ఎద్దుకు ఆరు పండ్లున్నయి" అంటే మాత్రం, పండ్లు తక్కువుంటే వయసు తక్కువని కదా, నోరు తెరిచి నాలుగే చూపిస్తాడు.

మూడో రాత్రి దొంగ దొరికాడు. హోటల్లో పనిచేసే రైడర్. రాయి తీసి బాతు చేత మింగించింది వీడు, జైల్లో ఉన్నది హార్నర్ అనే పనివాడు. హార్నర్ ఆ రోజు ఆ గదిలో పొయ్యి కమ్మీ అతకడానికి వచ్చాడు, పైగా ఇంతకు ముందు ఒకసారి దొంగతనం కేసులో శిక్షపడినవాడు. ఇంకేం కావాలి? ఆ పాత మచ్చ చూసుకునే రైడర్ అతన్ని ఆ గదికి రప్పించాడు.

నేను ఇది చెప్తుంటే అవ్వ ఊ కొట్టడం మానేసింది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు.

1994లో, దసరాకు ముందు, నాకు ఎనిమిదేళ్లు. గోడలకు సున్నం వేయడానికి మా ఊరి మనిషే ఒకాయన వచ్చాడు. రెండో రోజు సాయంత్రం అవ్వ కెంపుల కమ్మల్లో ఒకటి కనపడలేదు. ఆ మనిషి చిన్నప్పుడు ఎవరి చేన్లోనో పల్లికాయ పీక్కుని దొరికిపోయాడని ఊరందరికీ తెలుసు. తాత ఆయన్ను పోచమ్మ గుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయించాడు. చేశాడు. ఎవరూ నమ్మలేదు. కూలి డబ్బులు సగమే ఇచ్చారు. దీపావళి దాటాక పెళ్లాం పిల్లలతో బొంబాయి బస్సెక్కాడు. మా పాలమూరు నుంచి ఏటా ఎంతోమంది ఆ బస్సు ఎక్కేవాళ్లే కాబట్టి అది ఎవరికీ వింతగా కనపడలేదు.

ఉగాదికి, కొత్త జొన్నలు పోయడానికి గుమ్మి దులుపుతుంటే అడుగున కమ్మ దొరికింది. శీల వదులై, గింజలు తీసేటప్పుడు జారిపోయినట్టుంది. తాత దాన్ని కడిగి, అవ్వ చేతిలో పెట్టి, బయటికి పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నాటకంలో హోమ్స్ రైడర్‌ను వదిలేస్తాడు. వీణ్ణి ఇప్పుడు జైలుకు పంపితే జీవితాంతం జైలు పక్షే అవుతాడని, పండగ పూట క్షమించాలని అంటాడు. చాలామందికి ఈ కథ నచ్చేది ఇక్కడే, నాకూ అంతే. అవ్వ మాత్రం, "జైల్ల ఉన్నాయన సంగతేంది? ఆయన కాడికి ఎవలన్న పోయి చెప్పిండ్రా?" అంది.

వీడు సాక్ష్యం చెప్పడానికి రాడు కాబట్టి హార్నర్ మీద కేసు నిలవదు అంటాడు హోమ్స్. అంతే. తర్వాత భోజనానికి లేస్తారు.

"గంతేనా?"

"అంతే అవ్వా."

పొద్దున లేవగానే నాన్నను పిలిచి ఆ మనిషి ఫోను నంబరు ఎవరి దగ్గరైనా ఉందేమో చూడమంది. మూడు రోజులు పట్టింది. ఆయన భివండీలో ఉంటున్నాడు. స్పీకర్ పెట్టి ఫోను అవ్వ చేతికి ఇచ్చాను. వానల గురించి అడిగింది, మనవళ్ల గురించి అడిగింది, రేషన్ దొరుకుతోందా అని అడిగింది. ఇక పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"కమ్మ గుమ్మిల దొరికింది కొడుకా," అంది.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఎరుకనే అమ్మా. ఆ ఉగాదికే ఎవరో చెప్పిండ్రు," అన్నాడాయన.