గిత్తకు వినిపించేది నాకెందుకు వినిపించదు?

ప్రశ్న: డాక్టరు గారూ, చీమకుర్తి క్వారీలో 18 ఏళ్లుగా డ్రిల్లింగ్ మిషను మీద ఉన్నాను. వయసు 44. ఈ మధ్య ఇంట్లోవాళ్లు మాట్లాడుతుంటే గొంతు వినిపిస్తోంది, మాట తెలియడం లేదు. మా కొట్టంలో ఒంగోలు గిత్త ఉంది. రాత్రిపూట ఎవరన్నా చెప్పులు ఈడ్చుకుంటూ సందులోకి తిరిగితే చాలు, చెవులు నిక్కిస్తుంది. నాకు ఆ చప్పుడే లేదు. దాని లోపలి చెవి వేరే రకమా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వేరే రకమేనని చదువుకునే రోజుల్లో నేనూ అనుకున్నాను. తిరుపతి పశువైద్య కళాశాలలో ఒకసారి ఎద్దు పుర్రె దొరికితే లోపలి చెవి చూద్దామని రంపం పట్టాను. బ్లేడు అరిగింది గానీ ఎముక తెగలేదు. చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే ఆ ఎముక అంత గట్టిది, మీ భాషలో చెప్పాలంటే మట్టి, మెత్తరాయి తీసేశాక తగిలే అసలు బండ. ఉలి పెట్టి కొడితే పగిలింది, దాంతోపాటు లోపలున్నదీ పగిలింది. మాస్టారు తిట్టిన తిట్లు అలా ఉంచండి. ముక్కల్లో నత్తగుల్లలా మెలి తిరిగిన గాడి ఒకటి కనిపించింది. కర్ణావర్తం అంటారు దాన్ని.

ఎద్దుకి ఆ గుల్ల మూడున్నర చుట్లు, మనకు రెండున్నర పైచిలుకు. లోపలి పొరను విప్పి కొలిస్తే మనకు సుమారు 35 మిల్లీమీటర్లు, ఎద్దుకి 38. అంత పశువుకీ మనకూ తేడా బియ్యపు గింజంత కూడా లేదు!

కిటుకంతా ఆ పొర బిగింపులో ఉంది. నులక మంచం వాయించి చూశారా? బిగువుగా ఉన్నచోట టంగుమంటుంది, వదులుగా ఉన్నచోట బొయ్యిమంటుంది. ఈ పొర కూడా మొదట్లో ఇరుగ్గా, బిగువుగా ఉండి, లోపలి కొసకు పోయేకొద్దీ వెడల్పై వదులవుతుంది. కీచు శబ్దాలు మొదట్లోనే దాన్ని ఊపి ఆగిపోతాయి, బొంగురు శబ్దాలు కొసదాకా పోతాయి. దీన్ని కళ్లతో చూసి చెప్పినవాడు టెలిఫోన్ల మీద పనిచేసిన బెకెషీ అనే హంగేరీ దేశస్థుడు. చచ్చిపోయిన ఏనుగు చెవిని కూడా వదల్లేదు. 1961లో నోబెల్ ఇచ్చారు.

శబ్దం ఎంత కీచుగా ఉంటే సెకనుకు అన్ని ఎక్కువ కంపనాలు. మనకు వినిపించే వాటిలో పైహద్దు సెకనుకు 20,000 కంపనాలు, అదీ పడుచు వయసులో. ఎద్దుకి 35,000, కుక్కకి 45,000 దాకా. ఏనుగు మాత్రం మనకంటే కిందే ఆగిపోతుంది. నా సంగతి చెప్పనా? మా మనవడు ఫోనులో ఒక్కో శబ్దం పెంచుకుంటూ పోతే 8,000 దాకా చెయ్యెత్తాను. 12,000 దగ్గర వాడు చెవులు మూసుకున్నాడు, గడప దగ్గర పడుకున్న కుక్క తలెత్తింది, నేను "ఇంకా మొదలుపెట్టలేదా" అన్నాను.

ఇక మీ సంగతి. ఆ పొర మీద రోమకణాలు, అంటే కొసన సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు ఉంటాయి. ఒక వరస లోపలి రోమకణాలు, సుమారు 3,500, మెదడుకు కబురు పంపుతాయి. పక్కన మూడు వరసల్లో సుమారు 12,000 బయటి రోమకణాలు ఉంటాయి. ఇవి ఊరకే కూర్చోవు. ఉయ్యాలను అదను చూసి తోసేవాళ్లలా, సాగుతూ ముడుచుకుంటూ సన్నని శబ్దాన్ని పెంచుతాయి. అవి అలా కదులుతాయని 1985లోగానీ తేలలేదు. డ్రిల్లు మోతకు ముందు చచ్చేది ఈ తోసేవాళ్లే. అందులోనూ సాధారణంగా 4,000 కంపనాలకు అటూ ఇటూ ఉన్న చోట, అంటే మంచానికి బిగువు వైపున. స, శ, చ లాంటి అక్షరాల పదునంతా, చెప్పుల ఈడ్పు చప్పుడంతా అటువైపే. అచ్చుల బలం బొంగురు శబ్దాల వైపు ఉంటుంది. అందుకే మీ ఆవిడ "సంచి" అంటే మీకు "అం..ఇ" దగ్గరే ఆగుతోంది. గొంతు ఉంది, మాట లేదు.

అలాగని గిత్తను మరీ నెత్తికెక్కించుకోకండి. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పడంలో అది మనముందు దిగదుడుపే. మనం ఒకటి రెండు డిగ్రీల తేడా పట్టగలం, పశువుకి 30 డిగ్రీలు కావాలి. చెవులు నిక్కించాక తల కూడా తిప్పేది అందుకే.

పోయిన రోమకణాలు తిరిగి మొలుస్తాయా అని అడుగుతారేమో. మీ పెరట్లో కోడికి మొలుస్తాయి. మీకూ మొలవవు, గిత్తకూ మొలవవు.

నేను పశువుల డాక్టర్ని, మీ చెవిలో చెయ్యి పెట్టను. ఒంగోలులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి. షిఫ్టు దిగి నేరుగా వెళ్లకండి, మోత లేకుండా ఒక రాత్రి గడిచాక వెళ్లండి, లేకపోతే మీ వినికిడి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మిషను దగ్గర దూది కుక్కుకుంటే లాభం లేదు, చెవి మొత్తం కప్పే మఫ్‌లు పెట్టుకోండి. వినికిడి మిషను పెట్టమంటే మొహమాటపడకండి, మా ఆవిడ పోరు పడలేక నేనూ పోయిన నెల కొలతలిచ్చి వచ్చాను.