లోయర్ చేసిన కారులో మున్నార్ ట్రిప్: చలానా కంటే క్లెయిమ్ గురించి ఆలోచించండి

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలల కిందట ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. పాత ఓనర్ లోయరింగ్ స్ప్రింగ్స్ వేయించి కారును 40 మిల్లీమీటర్ల దాకా కిందకి దింపించాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ) 165 మిల్లీమీటర్లు. చూడటానికి బాగుందనే కొన్నాను. ఇప్పుడు సంక్రాంతి సెలవులకు నేను, నా భార్య, అత్తయ్య, మామయ్య కలిసి బెంగళూరు, కోయంబత్తూరు మీదుగా మున్నార్ వెళ్దామనుకుంటున్నాం. కేరళలో ఇలాంటి కార్లు కనబడితే వదలరని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఆ మార్పు చేయించింది నేను కాదు కదా, నన్ను పట్టుకుంటారా? దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు పోలీసుల సంగతి ముందు అడిగి, ఇన్సూరెన్స్ సంగతి చివర్లో అడిగారు. లాయర్‌గా నా దగ్గరకు వచ్చేవాళ్లంతా అదే వరుసలో అడుగుతారు. మీ జేబుకు పెద్ద చిల్లు పడేది మాత్రం రెండోదాని వల్లే. అయినా మీ వరుసలోనే వెళ్దాం.

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 అని ఒకటి ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. 'మార్పు' అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెబుతుంది: బండి మూల లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ సెక్షన్ 182ఎను కొత్తగా రాసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. జైలు మాట చట్టంలో ఉంది కానీ, స్ప్రింగులు మార్చినందుకు ఎవరైనా జైలుకు వెళ్లడం నేనైతే చూడలేదు.

మరి లోయరింగ్ స్ప్రింగ్స్ ఈ 'మార్పు' కిందకి వస్తాయా? ఇక్కడ వాదనకు చోటుంది. ఆర్‌సీలో ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, రంగు, సీట్లు, ఖాళీ బరువు లాంటివి ఉంటాయి. గ్రౌండ్ క్లియరెన్స్ కాలమ్ ఉండదు. కాబట్టి ఆర్‌సీతో తేడా రాలేదని, మూల లక్షణం మారలేదని మీ తరఫున వాదించవచ్చు. అవతలి వాళ్లకూ మాట ఉంది: బండ్లను పరీక్షించే పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్షించి ఆమోదించింది కంపెనీ స్ప్రింగులున్న బండిని, ఇది ఆ బండి కాదు అంటారు. జయచంద్ర తీర్పు తర్వాత ఆ వాదనకే బలం ఎక్కువ. ఏదేమైనా ఈ పాయింట్‌ను కేరళ సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర, వెనక సీట్లో అత్తయ్య గారిని కూర్చోబెట్టుకుని వాదించి గెలవలేరు.

"నేను చేయించలేదు" అన్నది సెక్షన్ 182ఎకు మంచి జవాబే. అది యజమానిగా ఉండి మార్పు చేసినవాడి గురించి మాట్లాడుతుంది. పాత ఓనర్ చేయించినట్టు వర్క్‌షాప్ బిల్లు గానీ, మీరిద్దరూ మాట్లాడుకున్న వాట్సాప్ మెసేజ్ గానీ ఉంటే దాచుకోండి. కానీ సెక్షన్ 190 ఉంది, అది ఎవరు చేయించారని అడగదు. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదైనా, ఆ బండిని రోడ్డెక్కించిన మనిషి మీద అది పడుతుంది. జరిమానా 1,500 దాకా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతేనో, ఆస్తి నష్టమైతేనో మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పైగా, తమ పరిధిలో తిరుగుతున్న బండి జనానికి ప్రమాదకరమని నమ్మితే, మీ వివరణ అడిగి, లోపం సరిచేసేదాకా రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం సెక్షన్ 53 కింద అక్కడి రవాణా అధికారులకు ఉంది. తెలంగాణ బండి కదా, కేరళ వాళ్లకేం పని అనుకోవద్దు.

ఇక్కడ మీరు నాకు చెప్పని విషయం ఒకటుంది. అవి తయారై వచ్చిన లోయరింగ్ స్ప్రింగులా, లేక పాత స్ప్రింగునే ఒకటిన్నర చుట్టు కోసేసి పెట్టారా? మన దగ్గర రెండింటినీ 'లోయర్ చేయించాం' అనే అంటారు. కోసిన స్ప్రింగైతే నా జవాబు ఒక్క ముక్కే: ఆ బండిలో మున్నార్ ఘాట్ కాదు కదా, అవుటర్ రింగ్ రోడ్డు కూడా ఎక్కకండి. పెద్ద గుంతలో చక్రం దిగినప్పుడు కోసిన స్ప్రింగు దాని చోటు నుంచి జారిపోవచ్చు. అప్పుడు సెక్షన్ 190 మీకు అతికినట్టు సరిపోతుంది.

సరే, మంచి స్ప్రింగులే అనుకుందాం. 165లో 40 పోతే 125 మిల్లీమీటర్లు, అదీ కారు ఖాళీగా ఉన్నప్పుడు. నలుగురు పెద్దవాళ్లు, డిక్కీ నిండా సామాను, అత్తయ్య గారు కట్టిచ్చే అరిసెల డబ్బాలు ఎక్కాక ఇంకా దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఊరివాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న వాటికి ప్రమాణమేమీ ఉండదు. మా ఊరి బడి ముందున్న దానికి ఏ మార్పూ చేయించని నా కారే గీసుకుంటుంది. కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు, సేలం దాకా 44వ నంబర్ జాతీయ రహదారి మీద మీకు పెద్ద ఇబ్బంది ఉండదు. హోటల్ కోసం సర్వీస్ రోడ్డులోకి దిగినప్పుడు, మున్నార్ ఎక్కేటప్పుడు, రిసార్టు గేటు దగ్గర ఉంటుంది అసలు కథ.

ఇప్పుడు ఇన్సూరెన్స్. రెండు భాగాలుగా చూడాలి.

మీ కారు వల్ల దారిన పోయే మనిషికి దెబ్బ తగిలితే అది థర్డ్ పార్టీ. బాధితుడికి డబ్బు ఇవ్వనని కంపెనీ చెప్పడానికి కారణాలు సెక్షన్ 150లో లెక్కపెట్టి ఉన్నాయి. లైసెన్సు లేకపోవడం, రేసులకు వాడటం లాంటివి. స్ప్రింగులు మార్చడం అనేది ఆ జాబితాలో లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న కారణం ఉంది. ఆ దారిన వచ్చినా, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ యజమాని మీరే అవుతారు.

మీ సొంత కారుకు దెబ్బ తగిలితే వచ్చేది ఓన్ డ్యామేజ్. గొడవంతా ఇక్కడే. నా దగ్గరకు వచ్చిన ఒకాయన కారు ఇలాంటిదే. స్పీడ్ బ్రేకర్‌కు ఆయిల్ చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే భాగం) తగిలి పగిలింది. ఆయన చప్పుడు విన్నాడు కానీ ఆగలేదు. తర్వాత ఎర్ర దీపం వెలిగింది, "టిఫిన్ దగ్గర ఆగి చూద్దాంలే" అనుకున్నాడు. ఆయిలంతా కారిపోయి ఇంజిన్ పట్టేసింది. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు చాంబర్‌కు డబ్బిచ్చి, ఇంజిన్‌కు ఇవ్వమన్నారు. చాంబర్ పగలడం ప్రమాదం, ఆయిల్ లేకుండా నడపడం వల్ల ఇంజిన్ పోవడం దాని వెంట వచ్చిన నష్టం, అది పాలసీలో లేదు అని. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. ఇది మామూలు కార్లకూ జరిగేదే. లోయర్ చేసిన కారైతే నష్టం లెక్కకట్టే సర్వేయర్ ఇంకో వాక్యం కలుపుతాడు: "మార్పు గురించి మాకు తెలియజేయలేదు."

క్లెయిమ్ మొత్తం కొట్టేస్తే మాత్రం వదలకండి. పాలసీ షరతును ఉల్లంఘించినా, అది మూలానికే దెబ్బ కొట్టేది కానప్పుడు, క్లెయిమ్‌లో 75 శాతం దాకా ఇచ్చే 'నాన్ స్టాండర్డ్' పద్ధతి ఉంది. 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. స్ప్రింగులకూ జరిగిన ప్రమాదానికీ సంబంధమే లేదనుకోండి, ఉదాహరణకు ఆపి ఉన్న మీ కారును వెనక నుంచి లారీ గుద్దింది, అప్పుడు మీ వాదన ఇంకా బలంగా ఉంటుంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు (ఈ మాట మా వాళ్లు చదవకపోతే మంచిది). లేదంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

మీరు బయల్దేరేలోపు చేయాల్సింది ఒకటుంది. అసలు స్ప్రింగులు పాత ఓనర్ దగ్గర ఉన్నాయేమో అడగండి. చాలామంది అటక మీద పడేసి ఉంచుతారు. లేకపోతే షోరూంలో కొత్తవి కొనండి. వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి. కారు లేచాక వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. దీంతో పై సెక్షన్లు చాలావరకు మీ దారిలోంచి తప్పుకుంటాయి. తిరిగొచ్చాక మళ్లీ దింపుతారా లేదా అన్నది మీ ఇష్టం, నేనైతే దింపను.

అలా కుదరదు, ఇదే కారు ఇలాగే వస్తుంది అంటే, కనీసం ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి: ఫలానా తేదీన ఈ మార్పుతో ఉన్న కారు కొన్నాను, పాలసీలో నమోదు చేయండి అని. వాళ్లు ఒప్పుకోవచ్చు, ప్రీమియం పెంచవచ్చు, కాదనవచ్చు. కాదన్నా మీకు మేలే, కవర్ లేదని మున్నార్ కొండ మీద కాకుండా ఇంట్లో కూర్చుని తెలుసుకుంటారు. అన్నట్టు, ఎనిమిది నెలల కిందట కొన్నానన్నారు. పాలసీ మీ పేరుకు మారిందా? కారు చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ దానంతటదే మీకు వస్తుంది కానీ ఓన్ డ్యామేజ్ రాదు. 14 రోజుల్లో మార్పించుకోవాల్సింది. ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే స్ప్రింగుల సంగతి తర్వాత, రేపు పొద్దున్నే ముందు ఆ పని చూడండి.