హెచ్-4 మీద వచ్చినవారికి ఇంట్లోనే హింస ఎదురైతే

"నోరెత్తావంటే వీసా క్యాన్సిల్ చేయించి ఇండియా విమానం ఎక్కిస్తాను" అన్న ఒక్క బెదిరింపు, హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా మీద, అమెరికా వచ్చిన ఆడపిల్లలను ఏళ్ల తరబడి దెబ్బలు ఓర్చుకునేలా చేస్తోంది. ఇందులో నిజమెంతో ముందు తెలుసుకోవాలి. మిమ్మల్ని దేశం నుంచి పంపించే అధికారం భర్తకు లేదు; అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసినంత మాత్రానో, కోర్టులో రక్షణ ఉత్తర్వు అడిగినంత మాత్రానో మీ హెచ్-4 పోదు. విడాకులు మంజూరైతే మాత్రం పోతుంది. అందుకే విడాకుల కాగితాల మీద సంతకం పెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. ఆ లాయర్ భర్త తరఫువాడు కాకూడదు.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ సంగతే చెబుతాను. పగటిపూట సుపీరియర్ కోర్టు ఫ్యామిలీ విభాగంలో, కోర్టు మూసి ఉన్న వేళల్లో స్థానిక పోలీస్ స్టేషన్‌లో, తాత్కాలిక రిస్ట్రెయినింగ్ ఆర్డర్‌కు (రక్షణ ఉత్తర్వుకు) దరఖాస్తు చేయవచ్చు. ఫీజు లేదు. సాధారణంగా పది రోజుల్లోపు విచారణ పెడతారు. తుది ఉత్తర్వు వస్తే, కోర్టు ఎత్తివేసేదాకా దానికి గడువంటూ ఉండదు. భర్త ఇల్లు ఖాళీ చేయాలనీ, పిల్లలు తల్లి దగ్గరే ఉండాలనీ, ఖర్చులకు డబ్బివ్వాలనీ అందులోనే ఆదేశించవచ్చు. "కేసు పెట్టి వాడి ఉద్యోగం పోగొడతావా" అని ఫోన్లు చేసే బంధువులు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఈ ఉత్తర్వు సివిల్ వ్యవహారం. దాన్ని ఉల్లంఘిస్తేనే నేరమవుతుంది. అయితే ఒంటి మీద గాయాలు కనిపిస్తే అక్కడి పోలీసులు అరెస్టు చేసి తీరాలి, అది వేరే కేసు.

కోర్టులో దుబాసీ ఉచితం. ఇండియా అనగానే హిందీ దుబాసీని పిలిచే ప్రమాదం ఉంది కనుక, "తెలుగు" అని దరఖాస్తులోనే రాయించండి. భర్తనూ, ఆయన స్నేహితుణ్ణీ మీ మాటలు అనువదించనివ్వకండి.

భర్త హెచ్-1బీలో ఉంటే, హింసకు గురైన హెచ్-4 భార్య ఐ-765వి దరఖాస్తుతో సొంతంగా పని అనుమతి కోరవచ్చు. హింసతో ముడిపడిన విడాకులైతే, ఆ తర్వాత రెండేళ్ల వరకూ ఈ వీలుంది. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే, స్త్రీలపై హింసను అరికట్టే 1994 నాటి వావా చట్టం కింద, ఆయన సంతకంతో పనిలేకుండానే గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేయవచ్చు. పోలీసులకు సహకరించిన బాధితులకు యూ వీసా కూడా ఉంది కానీ, ఏడాదికి పదివేల వీసాలే ఇస్తారు కాబట్టి క్యూ చాలా పెద్దది.

పాస్‌పోర్టు, ఐ-797 (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే ఆమోద పత్రం), పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన పత్రాలకు ఫోటోలు తీసి భర్తకు తెలియని ఈమెయిల్‌లో దాచుకోండి. భర్తతో కలిసి ఒకే బిల్లు మీద ఉన్న ఫ్యామిలీ ప్లాన్ ఫోన్ నుంచి సహాయ సంస్థలకు చేయకండి, కాల్స్ చిట్టా బయటపడుతుంది. జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, దుబాసీని కలుపుతారు. దక్షిణాసియా స్త్రీల కోసమే న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, కాలిఫోర్నియాలోని బే ఏరియాలో 1991 నుంచి మైత్రి పనిచేస్తున్నాయి.

కొందరు భార్యను సెలవులకని హైదరాబాదో విజయవాడో పంపి, వెనకాలే అమెరికాలో విడాకుల కేసు వేస్తారు. తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసులో, మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకపోవడం అందులో ముఖ్యాంశం. కాబట్టి అలాంటి సమన్లు వస్తే చించి పారేయకుండా, తొందరపడి జవాబూ ఇవ్వకుండా, ముందు రెండు దేశాల చట్టాలూ తెలిసిన లాయర్‌కు చూపించండి.