ఎర్రకర్రలు ముట్టడించాయా, ముట్టడించారా?

సందేహం: అమెరికా చరిత్రపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 1813–14 నాటి 'క్రీక్ వార్'ను 'వాగు యుద్ధం' అనవచ్చా? "ఎర్రకర్రలు మిమ్స్ కోటను ముట్టడించి ఊచకోత కోశాయి" అని 'రెడ్ స్టిక్స్' గురించి రాశాను. వాక్యం సరిగ్గా ఉందా?

సమాధానం: 'వాగు యుద్ధం' వద్దు. ఇంగ్లీషులో క్రీక్ అంటే వాగే అయినా, ఇక్కడ అది అమెరికాలోని ఒక ఆదివాసీ జాతి పేరు. ఓచీసీ వాగు దగ్గరి ఊళ్ళవాళ్ళను ఇంగ్లీషు వర్తకులు ఆ వాగు పేరుతో పిలిచారు. తర్వాత ఆ పేరే జాతి మొత్తానికీ అంటుకుంది. తమను తాము వాళ్ళు మస్కోగీలంటారు. చెరుకూరి వారిని ఇంగ్లీషులోకి అనువదించం కదా, ఇదీ అంతే. అయితే 1813 జులై 27న బర్న్ట్ కార్న్ క్రీక్ దగ్గర జరిగిన పోరులో మాత్రం క్రీక్ అంటే నిజంగా వాగే. కంప్యూటర్లో ఒక్క మీటతో అన్నిచోట్లా పదం మార్చేస్తే ఈ రెండూ కలగాపులగం అవుతాయి.

'క్రీకుల యుద్ధం' అనండి. క్రీకులతో యుద్ధమా, క్రీకుల మధ్య యుద్ధమా అని ఎవరైనా విగ్రహవాక్యం అడిగితే రెండూ నిజమే. తెల్లవాళ్ళ పద్ధతులను ఎదిరించిన ఎగువ ఊళ్ళవారికీ, వాటికి అలవాటుపడ్డ మిగతావారికీ మధ్య అంతర్యుద్ధంగానే అది మొదలైంది. 1814 మార్చి 27న టల్లపూసా నది వంపులో అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ చేసిన చివరి పెద్ద దాడిలో ఆయన వైపు చెరొకీలనే మరో ఆదివాసీ జాతితో పాటు క్రీకులూ ఉన్నారు. కాబట్టి 'క్రీకులకూ అమెరికన్లకూ యుద్ధం' అని విడగొడితే సగం చరిత్ర జారిపోతుంది.

ఇక 'రెడ్ స్టిక్స్'. తెల్లవాళ్ళ పద్ధతులను ఎదిరించిన ఆ క్రీకులే వీళ్ళు. ఎర్రరంగు పూసిన యుద్ధపు దుడ్డుకర్రలు పట్టేవారు కాబట్టి ఆ పేరు. మన ముక్కంటిలాగే ఇది బహువ్రీహి: ఎర్రకర్రలు కలవారు. ముక్కంటి వచ్చాడంటాం గాని వచ్చిందనం. మీరు 'కోశాయి' అనగానే మనుషులు పోయి కర్రలు మిగిలాయి. 'ఎర్రకర్రలవాళ్ళు' అంటే క్రియ దానంతటదే 'కోశారు' అని కుదురుకుంటుంది.

'ముట్టడి' కూడా పొసగదు. చుట్టూ విడిది చేసి, రాకపోకలు ఆపి, లోపలివాళ్ళు లొంగేదాకా కాచుకోవడం ముట్టడి. తెల్లవాళ్ళూ, వాళ్ళకు దగ్గరైన క్రీకులూ తలదాచుకున్న మిమ్స్ కోట దగ్గర 1813 ఆగస్టు 30న జరిగింది అది కాదు. మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా పరుగున వచ్చి పడ్డారు. ద్వారం దగ్గర ఇసుక పేరుకుపోవడంతో తలుపు మూయడం కుదరలేదు. సాయంత్రానికి అంతా ముగిసింది. 'కోటమీద విరుచుకుపడ్డారు' అంటే సరిపోతుంది.

'ఊచకోత' మాటలో తప్పులేదు. ఎదురాడలేని పైరును కోసినట్టు మనుషులను కోయడమే దాని అర్థం. అక్కడ చనిపోయిన సుమారు 250 మందిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. కానీ ఆ మాటను ఒకవైపే వాడకండి. అదే ఏడాది నవంబరు 3న ఎర్రకర్రలవాళ్ళ టల్లుషాచీ ఊరిమీద అమెరికా సేనాని జాన్ కాఫీ సేన పడినప్పుడు 186 మంది శవాలను లెక్కపెట్టారు. అమెరికన్లలో చనిపోయింది అయిదుగురు. అక్కడా ఆడవాళ్ళూ పిల్లలూ బలయ్యారు. ఇంగ్లీషు మూలం దాన్ని 'బ్యాటిల్' అంటే మీరూ 'యుద్ధం' అని, మిమ్స్ కోటకు మాత్రం 'ఊచకోత' దాచిపెడితే, అనువాదకుడు తెలియకుండానే ఒక పక్షం చేరినట్టు.

మీరు అడగకపోయినా, ముందు ముందు మరో వాక్యం ఎదురవుతుంది: 1814 ఆగస్టు 9 నాటి ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంలో క్రీకులు రెండు కోట్ల ఎకరాలకు పైగా భూమి 'రాసిచ్చారు' అని. సంతకం చేసిన పెద్దల్లో ఎక్కువమంది జాక్సన్ పక్షాన నిలిచినవారే. వాళ్ళ భూమీ అందులో పోయింది. ఇక్కడ ప్రేరణార్థకం కావాలి: జాక్సన్ రాయించుకున్నాడు.